జేబులో టార్చి: ఏ గీత పడినా పర్లేదు, ఏ గీత పడకూడదు?

కొత్త ఫోన్ కొన్నామంటే షాపు మెట్లు దిగకముందే టెంపర్డ్ గ్లాస్ అతికించేస్తాం. వెనక పౌచ్ తొడిగేస్తాం. చిన్న గీత పడితే రెండు రోజులు అన్నం సయించదు. అదే చేత్తో ముచ్చటపడి కొన్న బుజ్జి ఎల్ఈడీ టార్చిని మాత్రం తాళాలగుత్తి, చిల్లర డబ్బులు, బైకు తాళం, నిన్నటి బస్సు టికెట్ అన్నీ ఉన్న జేబులోకే తోసేస్తాం. నెల తిరక్కుండానే నల్లగా నిగనిగలాడిన టార్చి అంచుల్లో తెల్లగా తేలిపోతుంది. అప్పుడు మొదలవుతుంది గోల: "రంగు పోయింది బ్రో, డూప్లికేట్ మాల్ అంటగట్టాడు."

ఆగండి. అది రంగు కాదు. పోయిందనుకున్నది చాలాసార్లు పోలేదు కూడా. ఈ వారం కాలమ్ మొత్తం ఆ పైపొర గురించే. అదేంటి, దేనికి భయపడుతుంది, ఎలా కాపాడుకోవాలి, ఎంతవరకు కాపాడుకుంటే చాలు అన్నవి చూద్దాం. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఇక్కడ టార్చి గాడ్జెట్ కాదు

మాది రంపచోడవరం. అటు మారేడుమిల్లి ఘాట్, ఇటు గోకవరం రోడ్డు, మధ్యలో మేము. హైదరాబాద్‌లో నా ఆఫీసు ఫ్రెండ్స్‌కి టార్చి అంటే ట్రెక్కింగ్ ఫొటోలో కనిపించే వస్తువు. ఇక్కడ గాలివాన కొట్టి కొమ్మ విరిగి తీగల మీద పడిందంటే, ఆ రాత్రికి ఊరికంతటికీ అదే దీపం. మా పెద్దవాళ్లు దాన్ని టార్చి అనరు, 'బ్యాటరీ లైటు' అంటారు. చీకటి పడ్డాక గుమ్మం దాటాలంటే చెప్పుల కంటే ముందు దాన్నే వెతుకుతారు.

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఈ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం కూడా ఉంది. కాటు ఎక్కువగా పడేది కాలి మీదే. రక్తపింజర గడ్డిలో, ఆకుల్లో కలిసిపోయి కదలకుండా ఉంటుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కకే వచ్చేస్తుంది. వెలుగు చూసి పాము పారిపోతుందని కాదు. వెలుగు ఉంటే అది మన కంటికి కనపడుతుంది, అంతే. ఆ అంతేలోనే ప్రాణం ఉంది. (ఒకవేళ కాటు పడితే గట్టిగా కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు ఇవేవీ వద్దు. కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రికే.)

అందుకే మా ఊళ్లో టార్చి పైపొర గురించి మాట్లాడటం అందం కబుర్లు కాదు. చెమట, వాన, బురద, ఇసుక మధ్య ఆ వస్తువు ఎన్నేళ్లు నిలబడుతుందన్న ప్రశ్న అది.

అది పెయింట్ కాదు, చర్మం

ఈ రోజుల్లో వచ్చే మంచి చిన్న టార్చిల ఒళ్లంతా అల్యూమినియం. దాని మీద కనిపించే నలుపు, ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు పొరని 'ఆనోడైజింగ్' అంటారు. పెయింట్ అయితే పైన పూస్తారు. ఇది పూసేది కాదు. అల్యూమినియం ముక్కని ఆమ్లంలో ముంచి కరెంటు పంపిస్తే, ఆ లోహమే తన పైభాగాన్ని అల్యూమినియం ఆక్సైడ్‌గా మార్చుకుంటుంది. మన ఒంటి మీద చర్మంలా లోపలి నుంచే పెరుగుతుంది. అందుకే పెయింట్‌లా పెచ్చులుగా ఊడిరాదు. ఆ పొరలో కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోకి రంగు ఎక్కించి, తర్వాత మూతులు మూసేస్తారు.

ఈ పద్ధతి పుట్టింది సముద్రం కోసం. 1923లో ఇంగ్లాండ్‌లో బెంగఫ్, స్టూవర్ట్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. నీటి మీద దిగే విమానాల అల్యూమినియం భాగాల్ని ఉప్పునీరు తినేయకుండా కాపాడటం వాళ్ల లక్ష్యం. ఇప్పుడు అదే ఉపాయం మన జేబులోకి వచ్చింది.

టార్చి డబ్బా మీద 'టైప్ 2', 'టైప్ 3' అని రాసి ఉంటే ఇలా అర్థం చేసుకోండి. టైప్ 2 అంటే మామూలు ఆనోడైజింగ్. మందం 25 మైక్రాన్లు దాటదు. రంగులు మెరుస్తూ బాగుంటాయి. టైప్ 3 అంటే హార్డ్ ఆనోడైజింగ్. సాధారణంగా 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. కాస్త గరుగ్గా, మెరుపు తక్కువగా కనపడుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మీ టార్చి కవచం మొత్తం కలిపినా వెంట్రుకంత లావు లేదు. ఆ లెక్కన చూస్తే అది చేసే పని గొప్పదే.

కొండ ఇచ్చిన లోహం, కొండ ఇచ్చిన ఇసుక

'కెంపు, నీలం కూడా అల్యూమినియం ఆక్సైడే. కాబట్టి మా టార్చికి గీత పడదు' అని అమ్మకాల వీడియోల్లో చెబుతుంటారు. సగం నిజం. కెంపు అనేది స్ఫటికం. ఆనోడైజింగ్ పొర స్ఫటికం కాదు, రంధ్రాలున్న గాజులాంటి పొర. గట్టిదనాన్ని కొలిచే వికర్స్ లెక్కలో హార్డ్ ఆనోడైజింగ్ 400-500 దగ్గర ఉంటుంది. క్వార్ట్జ్, అంటే మామూలు ఇసుక రేణువు, 1000 దాటుతుంది. అంటే తాళం చెవితో గీయలేని దాన్ని జేబు అడుగున పేరుకున్న చిటికెడు ఇసుక గీసేస్తుంది.

ఇక్కడ మా కొండల సంగతి చెప్పాలి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు పెట్టారు. ఆ రాయిలో ఉండేవి క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్. మూడూ గట్టివే. ఆ రాయి లక్షల ఏళ్లు వానకి, ఎండకి మెత్తబడి, కరిగేవన్నీ కరిగిపోగా మిగిలిందే బాక్సైటు. అదే అల్యూమినియం ముడి ఖనిజం. అంటే మన టార్చిని తయారుచేసే లోహమూ, దాన్ని గీసే ఇసుకా ఒకే రాతి బిడ్డలన్నమాట.

ఆ బాక్సైటు కోసమే గాలికొండ, జర్రెల లాంటి పేర్లు పేపర్లలో ఎన్నో ఏళ్లు నలిగాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు 'సమత' కేసులో తీర్పిచ్చింది. 2015 నవంబరులో జర్రెల బ్లాకుల తవ్వకాలకు దారి తీస్తూ జీవో 97 వచ్చింది. గిరిజనుల నుంచి వ్యతిరేకత రావడంతో అది ఆగింది, 2019లో రద్దయింది.

టార్చి గురించి చెబుతూ ఇదంతా ఎందుకంటారా? చిన్న లెక్క చూడండి. ఒక కిలో అల్యూమినియం కావాలంటే నాలుగైదు కిలోల బాక్సైటు తవ్వాలి. దాన్ని కరిగించి లోహం తీయడానికి ఒక్కటే దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. 50 గ్రాముల టార్చి ఒంటికి లెక్కేస్తే దాదాపు పావు కిలో కొండ, ముప్పావు యూనిట్ కరెంటు. రంగు పోయిందని ఏడాదికో టార్చి మార్చేవాళ్లకి ఆ పావు కిలో కనపడదు. కొండ కింద ఉండేవాళ్లకి కనపడుతుంది.

గీతా? మరకా? ముందు తేల్చుకోండి

టార్చి మీద కొత్త గీత కనపడిందా? కంగారుపడకుండా పెన్సిల్ రబ్బరు తీసుకుని పది సెకన్లు మెల్లగా రుద్దండి. చాలా గీతలు మాయమైపోతాయి. ఎందుకంటే అవి గీతలు కావు. మన తాళాలు చాలావరకు ఇత్తడివి, రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఆ రెండూ హార్డ్ ఆనోడైజింగ్ కంటే మెత్తన. గరుగ్గా ఉన్న టార్చి మీద రాసుకున్నప్పుడు అరిగింది తాళమే. దాని పొడి టార్చి మీద అంటుకుంది. పలక మీద బలపం రాసినట్టు. గీత పలకది కాదు, బలపానిది.

రబ్బరుతో పోకపోతే రెండో పరీక్ష. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే కంటిన్యుటీలో పెట్టి, రెండు మొనలూ టార్చి ఒంటికి ఆనించండి. ఆనోడైజింగ్ పొర కరెంటుని పోనివ్వదు కాబట్టి మీటర్ మౌనంగా ఉంటుంది. ఇప్పుడు మొనలు గీత మీద ఆనించండి. బీప్ అంటే పొర తెగి కింద అల్యూమినియం బయటపడినట్టు. బీప్ లేకపోతే పైన గీసుకుందంతే, కవచం అలాగే ఉంది.

బీప్ వచ్చినా ప్రళయం ఏమీ రాదు. ఇనుములా అల్యూమినియం తుప్పు పట్టి తినుకుంటూ పోదు. గాలి తగిలిన వెంటనే దాని మీద సహజంగానే పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కాకపోతే ఆ పొర మరీ సన్నం. ఉప్పు చెమట నిలవుండే చోట చిన్న చిన్న గుంటలు పడొచ్చు.

అంచులే ముందెందుకు తెల్లబడతాయి?

ఏ టార్చి అయినా చూడండి. మధ్యలో బాగానే ఉంటుంది. తల చుట్టూ, తోక చుట్టూ, పట్టు కోసం చెక్కిన గళ్ల మొనల మీద ముందు పోతుంది. దీనికి రెండు కారణాలు.

ఒకటి: ఈ పొర లోహం నుంచి నిటారుగా పెరుగుతుంది. పదునైన మూల దగ్గర రెండు వైపుల నుంచి పెరిగిన పొరల మధ్య సందు మిగిలిపోతుంది. అంటే పుట్టుకతోనే అక్కడ బలహీనత ఉంది. అందుకే టార్చి కొనేటప్పుడు అంచుల్ని వేలితో తడిమి చూడండి. కత్తిలా పదునుగా కాకుండా గుండ్రంగా నునుపు చేసి ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ చిన్న పరీక్షకి పైసా ఖర్చు లేదు, కవర్ మీద రాసిన ల్యూమెన్ల కంటే నమ్మకం ఎక్కువ.

రెండు: గుడ్డు సంగతి. పెంకు గట్టిదే, కానీ లోపల మెత్తన. టార్చి రాయి మీద పడితే కింద ఉన్న మెత్తటి అల్యూమినియం నొక్కుకుపోతుంది, పైన గట్టి పొర వంగలేక పగులుతుంది. టైప్ 3 అయినా ఇంతే. కాబట్టి గీతల కంటే కింద పడటమే దీనికి పెద్ద శత్రువు. చేతికి తగిలించుకునే తాడు ఒక్కటి వాడితే సగం సమస్య తీరిపోతుంది.

వంటింట్లో ఉన్న విలన్లు

మన ఇళ్లలో లోహపు వస్తువు మాసిందంటే అమ్మమ్మ కాలం నుంచి ఒకటే మందు: చింతపండు, బూడిద. ఇత్తడి బిందెకి అది అమృతం. ఆనోడైజ్డ్ టార్చికి విషం. ఈ పొర మరీ పులుపుకీ నిలవదు, మరీ క్షారానికీ నిలవదు. మధ్యస్థంగా ఉంటేనే క్షేమంగా ఉంటుంది. చింతపండు ఒకవైపు లాగుతుంది, బూడిద ఇంకోవైపు. పైగా బూడిదలో ఉండే గరుకు అదనం.

అలాగే తాంబూలం సంచిలో సున్నం డబ్బా పక్కన టార్చి పెట్టే పెద్దవాళ్లుంటారు. సున్నం తడిస్తే గట్టి క్షారం. టార్చి మీద తెల్లటి మచ్చ పడిందంటే కడిగినా పోదు, ఎందుకంటే అక్కడ పొర కరిగిపోయింది. బట్టల సోడా, బ్లీచింగ్ పౌడరు, బాత్రూమ్ ఆసిడ్, సింకు పైపుల్లో పోసే పొడి, ఇవన్నీ ఆ కోవకే చెందుతాయి.

దోమల క్రీము ఇంకో రకం. డీఈఈటీ అనే రసాయనం ఉన్న క్రీములు అల్యూమినియాన్ని ఏమీ చేయవు గానీ కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తాయి, పెయింట్‌ని జిగురు చేస్తాయి. ప్లాస్టిక్ టార్చి, ప్లాస్టిక్ అద్దం ఉంటే క్రీము రాసుకున్న చేతిని తుడుచుకుని పట్టుకోండి. మలేరియా ఉన్న ఏజెన్సీలో క్రీము మానేయమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. చెయ్యి తుడుచుకోమంటున్నా, అంతే.

అన్నిటికంటే పెద్ద విలన్ లోపలే ఉంటాడు: కారిన బ్యాటరీ. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. అది పైపొరనే కాదు, అల్యూమినియాన్నే తినేస్తుంది. సెల్ ట్యూబులోనే ఉబ్బి ఇరుక్కుపోతే టార్చి పని అయిపోయినట్టే. నెల రోజులకు మించి వాడకపోతే సెల్స్ బయటకు తీసి పెట్టండి. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయొద్దు. కారిన తెల్లటి పొడి కనపడితే చేతికి కవర్ తొడుక్కుని, దూదిపుల్లని నిమ్మరసంలో కొద్దిగా ముంచి తుడవండి. వెంటనే తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడిచేయాలి. ఇది ఆల్కలైన్ సెల్స్ సంగతి మాత్రమే. లిథియం బ్యాటరీ ఉబ్బితే ఇలాంటి ప్రయోగాలేవీ వద్దు. దాన్ని వాడటం, చార్జ్ చేయడం ఆపేసి సర్వీస్ షాపు వాళ్లకి చూపించండి.

సైకిల్ ట్యూబు టెక్నాలజీ

పల్లెల్లో పాత మూడు సెల్స్ బ్యాటరీ లైట్లు చూశారా? తల వెనక ఒకటి, తోక దగ్గర ఒకటి నల్లటి రబ్బరు పట్టీలుంటాయి. పాత సైకిల్ ట్యూబు కోసి తొడిగినవి. మా మామయ్య దగ్గర ఇప్పటికీ అలాంటిదొకటి ఉంది. దాని ఒంటి మీద గీత లేని జానెడు చోటు దొరకదు. నేను ఆనోడైజింగ్ గురించి పావుగంట లెక్చర్ ఇస్తే ఓపిగ్గా విని, "బాగానే చెప్పేవురా అల్లుడూ. ఇంతకీ నీది వానలో వెలుగుద్దా?" అన్నాడు.

"వెలుగుద్ది మామయ్యా, వాటర్‌ప్రూఫ్."

"మరింకేం. గీతలు దాని మొహాన ఉంటే ఏటి, నా మొహాన ఉంటే ఏటి. రాత్రి గట్టు మీద కాలు ఎక్కడేయాలో చెప్తే చాలు."

ఆయన మాటలో నాకు నచ్చిందేంటంటే, ఆ రబ్బరు పట్టీలు ఆయన అందం కోసం తొడగలేదు. టార్చి అరుగు మీంచి దొర్లిపోకుండా, కింద పడితే దెబ్బ తగలకుండా, తడి చేతిలో జారకుండా తొడిగాడు. గీతల నుంచి కాపాడటం వాటికి బోనస్. నేటి టార్చికి కూడా నేను చూసినవాటిలో అదే చౌకైన మంచి ఉపాయం. కాకపోతే మూడు జాగ్రత్తలు.

మొదటిది, ట్యూబు కింద నీళ్లు, చెమట నిలుస్తాయి. వానాకాలంలో వారానికోసారి తీసి ఆరబెట్టాలి. రెండోది, సైకిల్ ట్యూబు రబ్బరులో గంధకం ఉంటుంది. అల్యూమినియానికి ఫరవాలేదు గానీ ఇత్తడి, రాగి టార్చిలు దాని కింద నల్లబడతాయి. మూడోది, టార్చి తల దగ్గర గాడులు గాడులుగా ఉండే చోట మాత్రం ఏమీ చుట్టొద్దు. ఎల్ఈడీ వేడి బయటకు పోయే దారి అదే. అక్కడ దుప్పటి కప్పితే గీతలు పడవు, ఎల్ఈడీ ఆయుష్షు తగ్గుతుంది.

జేబుకైతే ఇంకా సులువు. పాత జీన్స్ కాలు ముక్కతో కుట్టిన చిన్న సంచి, లేదంటే జత పోయిన సాక్సు చాలు. కానీ సంచి లోపలి ఇసుకని అప్పుడప్పుడు దులపకపోతే అదే గరుకు కాగితమవుతుంది. సంచి కాపాడుతుందని నమ్మి టార్చిని రోజూ గరుకు కాగితంలో చుట్టినట్టే. టార్చి నడుముకి ఉండే స్టీలు క్లిప్పు కూడా ఒకే చోట రాసుకుని చార పెడుతుంది. దాని కింద సన్నటి హీట్ ష్రింక్ ట్యూబు ముక్క ఉంటే చాలు. వేడి చేసేముందు బ్యాటరీ బయటకు తీయడం మర్చిపోవద్దు. కరెంటు పనుల్లో వాడే ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. ఎండాకాలానికి జిగురు కారి దుమ్మంతా అంటుకుంటుంది.

సంతలో కొన్నదైతే?

అందరి దగ్గరా అల్యూమినియం టార్చి ఉండదు. సంతలో దొరికే ప్లాస్టిక్ చార్జింగ్ లైటు ఉందనుకోండి, దాని ఒంటికి గీతలు పడక తప్పదు, పట్టించుకోనక్కర్లేదు. దాన్ని ఎండలో కారు అద్దం వెనక, పొయ్యి పక్కన వదలొద్దు. పెట్రోలు, థిన్నర్ గుడ్డతో తుడవొద్దు. నికెల్ పూతున్న పాత ఇత్తడి, రేకు టార్చిలైతే పూత లేచినచోట తడి చేరి కింద నుంచి తింటుంది. అలాంటి చోట శుభ్రంగా తుడిచి, రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క పూయండి. అందంగా ఉండకపోవచ్చు, తుప్పు మాత్రం నెమ్మదిస్తుంది.

పూతేమీ లేని ఇత్తడి, రాగి టార్చిలు కొందరు ఇష్టంగా కొంటారు. వాటికి చేతి చెమటతోనే ముదురు రంగు వస్తుంది. అది పాడవడం కాదు, దాని స్వభావం. మెరుపే కావాలంటే, బ్యాటరీ తీసేసి, చింతపండు వైద్యం వాటికి నిక్షేపంగా చేసుకోవచ్చు.

గీత పడకూడని మూడు చోట్లు

ఇప్పటిదాకా ఒంటి మీద గీతల గురించి చెప్పుకున్నాం. అవి చూడటానికి బాగోవు, అంతే. నిజంగా భయపడాల్సిన చోట్లు మూడే.

అద్దం: వెలుగు బయటకొచ్చేది ఇక్కణ్నుంచే. దీని మీద సన్నగీతలు పడితే వెలుగు చెదిరి, దూరం తగ్గుతుంది. పొడి చొక్కా కొసతో ఎప్పుడూ తుడవొద్దు. ముందు నీళ్లతో ఇసుక పోనిచ్చి, తర్వాత తడి నూలుగుడ్డతో తుడవాలి. ప్లాస్టిక్ అద్దం మసకబారితే కొద్దిగా తెల్ల టూత్‌పేస్టు వేసి మెల్లగా రుద్దితే తేటపడుతుంది. గాజు అద్దానికి నీలం, ఊదా మెరుపు కనిపిస్తే దాని మీద ప్రత్యేకమైన పూత ఉన్నట్టు. దానికి పేస్టు వాడొద్దు.

మరలు, రబ్బరు రింగు: సెల్ మార్చడానికి తిప్పే మరల్లో ఇసుక చేరితే తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. ఆ శబ్దం వినపడిందంటే లోహం అరుగుతున్నట్టే. మరల దగ్గరుండే నల్లటి రింగు ఎండి పగిలితే 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట డబ్బా మీదే మిగులుతుంది. మరల్ని గుడ్డతో తుడిచి, ఆ రింగుకి బియ్యపుగింజంత సిలికాన్ గ్రీజు రాయండి. రింగు సిలికాన్‌దే అయితే దానికి సరిపడే వేరే గ్రీజు వాడాలి, కొన్నప్పుడు వచ్చే కాగితం మీద రాసి ఉంటుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. చలికి గడ్డకడుతుంది, నిలవుంటే జిగటవుతుంది.

కరెంటు తగిలే చోట్లు: ట్యూబు చివర అంచు, తోకలో స్ప్రింగు. ఇక్కడ ఆనోడైజింగ్ ఉండదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే అది కరెంటుని ఆపేస్తుంది. టార్చి మినుకుమినుకుమంటే పది సార్లలో చాలాసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే ప్రాణం లేచొస్తుంది. అరచేత్తో కొట్టడం మన జాతీయ రిపేరింగ్ పద్ధతే గానీ, అది స్ప్రింగుని కాసేపు కదిలిస్తుందంతే.

ఆదివారం ఐదు నిమిషాలు

ఫోన్ చార్జింగ్‌లో ఉన్న టైములో ఇది అయిపోతుంది. వాటర్‌ప్రూఫ్ టార్చి అయితే మూత బిగించి కుళాయి కింద పట్టండి. కాకపోతే తడిగుడ్డ చాలు. మురికి ఎక్కువుంటే ఒక చుక్క షాంపూ. గళ్లలో ఇరుక్కున్న మట్టికి మెత్తటి పాత టూత్‌బ్రష్. పాత నూలు చీర ముక్కతో తడి అద్ది, నీడలో ఆరబెట్టండి. వాన వెలిసిన రోజుల్లో, చేతికి చెమట ఎక్కువ పట్టిన రోజుల్లో రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తుడిస్తే చాలు. జేబుని తిరగేసి దులపండి. టార్చికి వేరే జేబు కేటాయించండి, తాళాల కోసం కాదు, ఇసుక కోసం.

పొర నిజంగానే తెగిపోతే నల్ల మార్కర్ పూస్తే కంటికి ఆనదు. కానీ అది మేకప్, వైద్యం కాదు. రోజూ చెమట తగిలే చోటైతే దాని మీద రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా వేయండి. గరుకు కాగితంతో 'సమం చేద్దాం' అనుకోవద్దు. గీత వెంట్రుకంత ఉంటే, మీరు గోకి గోకి రూపాయి బిళ్లంత చేస్తారు. ఇక వాడలేని స్థితికి వస్తే చెత్తబుట్టలో కాదు, బ్యాటరీ తీసేసి పాత ఇనుప సామాన్లవాడికి ఇవ్వండి. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడటానికి, కొత్తగా తీయడానికి పట్టే కరెంటులో సుమారు 5 శాతమే చాలు.

మరీ కాపాడితే?

చివరగా ఇంకో రకం మనుషుల గురించి చెప్పాలి. టార్చి కొని, కవర్లో పెట్టి, ఆ కవర్‌ని డబ్బాలో పెట్టి, డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. వాళ్ల టార్చి మీద గీత ఉండదు నిజమే. కానీ కరెంటు పోయినప్పుడు బీరువా తాళం వెతకడానికి వాళ్లకి ఇంకో టార్చి కావాలి. ఈలోపు లోపల సెల్ కారిపోయినా తెలీదు. గీత పడనివ్వకూడదన్న పట్టుదల, దాన్ని వాడకూడదన్న పట్టుదలగా మారిన రోజున ఆ పొర గెలిచింది, టార్చి ఓడిపోయింది.

నా లెక్క ఇది. అద్దం, మరలు, కరెంటు చోట్లు, ఈ మూడింటి విషయంలో పిసినారిలా ఉందాం. ఒంటి మీద పొర విషయంలో ఇసుక, సున్నం, చింతపండు, ఆసిడ్ తగలకుండా చూసుకుని మిగతాది వదిలేద్దాం. అంచులు తెల్లబడితే బడనివ్వండి. అది పనిచేస్తోందని అర్థం.

ఈ రాత్రి ఒక పని చేయండి. పడుకునే ముందు లైట్లన్నీ ఆపేసి, ఫోన్ పక్కన పెట్టి, మంచం మీంచి దిగకుండా చెయ్యి చాపండి. టార్చి చేతికి తగిలిందా? నొక్కితే వెలిగిందా? రెండిటికీ 'అవును' అయితే మీ టార్చి బాగున్నట్టే, దాని మీద ఎన్ని గీతలున్నా. ఏ ఒక్కటైనా 'కాదు' అయితే, రేపు పొద్దున్న సరిచేయాల్సింది దాని రంగు మాత్రం కాదు.